ఆపేసిన స్విచ్చి నిజం చెబుతోందా?



పాపసంకీర్తనానికి ముందు ఆత్మశోధన చేసుకోవడానికి మన ప్రార్థన పుస్తకాలలో ప్రశ్నల పట్టిక ఒకటి ఉంటుంది. తల్లిదండ్రులను గౌరవించానా, అబద్ధమాడానా, పరుల సొమ్ము ఆశించానా అని వరుసగా అడుగుతుంది. “మా ఇంటి ఫ్యూజులో ఏ తీగ వేశాను?” అన్న ప్రశ్న మాత్రం నేనెక్కడా చూడలేదు. ఉండాలని నా అభిప్రాయం. ఎందుకో చెప్పేముందు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

కొన్నేళ్ల క్రితం ఒక పల్లె విచారణలో ఉండగా, ఆగమన కాలం చివరి వారంలో గురుమందిరం వరండాకు క్రిస్మసు నక్షత్రం కట్టాం. వైరు చాలలేదు. ఈ కాస్త పనికి ఎలక్ట్రీషియన్ ఎందుకని నేనే రెండు వైర్లను మెలివేసి కలిపాను. టేపు కొంచెమే ఉంది. మిగిలిన చోట ప్లాస్టిక్ సంచి ముక్క చుట్టి దారం కట్టాను. స్విచ్చికి రెండు తీగలలో చేతికి ఏది వస్తే అది బిగించాను. నొక్కగానే నక్షత్రం వెలిగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నిజం చెప్పొద్దూ, నా ప్రసంగం బాగుందని ఎవరైనా అన్నా అంత సంతోషం కలిగేది కాదు.

ముగ్గురు రాజుల పండుగ అయ్యాక నక్షత్రం దించడానికి మా ఉపదేశిగారి అబ్బాయి, పదిహేనేళ్లవాడు, స్టూలు ఎక్కాడు. ఒక చేత్తో వరండా ఇనుప గ్రిల్లు పట్టుకున్నాడు. “స్విచ్చి ఆపాను, విప్పరా” అన్నది నేనే. ప్లాస్టిక్ ముక్క జారిపోయిన చోట వాడి వేళ్లు తగిలాయి. ఎవరో విసిరికొట్టినట్టు కిందపడ్డాడు. మణికట్టు విరిగింది. ప్రాణం దక్కింది. పరుగెత్తుకొచ్చిన వాళ్లమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. “ఆపారు కదా ఫాదర్‌గారూ?” అని మాత్రం అడిగింది.

ఆపాను. కాని ఆగలేదు. మన ఇళ్లకు వచ్చే రెండు తీగలలో ఒకటి ఫేజు, రెండోది న్యూట్రల్. స్విచ్చి ఎప్పుడూ ఫేజును తెంపాలి. న్యూట్రల్‌ను తెంపినా బల్బు ఆరిపోతుంది, చూసేవారికి తేడా తెలియదు. కాని హోల్డరు దాకా 230 వోల్టులు అలాగే నిలబడి ఉంటాయి, ఎవరైనా ముట్టుకుంటారేమోనని ఎదురుచూస్తూ.

ఇంటి మరమ్మతులలో కరెంటు పని వేరైనదని నాకు అప్పుడు తెలిసొచ్చింది. కుళాయికి వాషరు సరిగా పడకపోతే నీళ్లు కారి మన తప్పు మనకే చెబుతుంది. కుర్చీ కాలు సరిగా బిగించకపోతే కూర్చున్నవాడికి ఊగుతుంది. కరెంటు పని అలా కాదు. తప్పుగా చేసినా బల్బు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది. “పనిచేస్తోందిగా” అన్న మాట మిగతా పనుల్లో సాక్ష్యమేమో గాని, ఇక్కడ కాదు.

ఇలాంటి ప్రమాదాలను మనం సాధారణంగా ఐదవ ఆజ్ఞ కింద లెక్కవేస్తాం, నరహత్య చేయకూడదన్న దాని కింద. నేను వీటిని ముందుగా ఎనిమిదవ ఆజ్ఞ కింద పెడతాను. అది అబద్ధసాక్ష్యం గురించినది. నేను బిగించిన స్విచ్చి “ఇక్కడ కరెంటు లేదు” అని ఆ పిల్లవాడికి సాక్ష్యం చెప్పింది. అది అబద్ధం.

ఈ దృష్టితో మీ ఇల్లు ఒకసారి చూడండి. ఎర్తు తీగ లేకపోయినా గోడకు మూడు రంధ్రాల సాకెట్టు పెడతాం. ఆ పై రంధ్రం “నేను కాపాడతాను” అంటుంది. దాని వెనక ఏమీ ఉండదు. కొందరు ఇంకా తెలివిగా న్యూట్రల్‌నే తెచ్చి ఆ రంధ్రానికి కలుపుతారు. ఎక్కడో న్యూట్రల్ ఊడిన రోజున ఫ్రిజ్ ఒళ్లంతా కరెంటే. ఫ్యూజు పోతే సన్నని ఫ్యూజు తీగ బదులు పాత వైరులోని రాగి పోగులు నాలుగు మెలివేస్తాం. “ఇక పోదు” అని గర్వంగా కూడా చెప్పుకుంటాం. పోవడమే దాని ఉద్యోగమయ్యా! ఎంసీబీ మాటిమాటికీ పడిపోతోందని 16 ఆంపియర్లది తీసి 32ది పెట్టడమూ అదే కాపలాదారు నోరు నొక్కడం.

ఇంకొక భ్రమ కూడా ఉంది. ఫ్యూజో ఎంసీబీయో ఉందిగా, షాక్ కొడితే అదే పడిపోతుందిలే అని. 60 వాట్ల బల్బు తీసుకునే కరెంటు సుమారు 260 మిల్లీఆంపియర్లు. మనిషి గుండె లయ తప్పడానికి అందులో సగం కూడా అక్కరలేదు. 5 ఆంపియర్ల ఫ్యూజుకు మాత్రం అది కరెంటే కాదు. ఫ్యూజు కాపాడేది తీగను, మనిషిని కాదు. మనిషి కోసం పెట్టేది 30 మిల్లీఆంపియర్లకే తెగే ఆర్‌సీసీబీ. దానికీ ఒక పరీక్ష బటను ఉంటుంది. పెట్టించుకున్నవారిలో దాన్ని నొక్కి చూసేవారు ఎందరో!

గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివినవాణ్ణి కనుక నాకు నేనే ఎదురువాదన వేసుకున్నాను. అబద్ధమంటే తెలిసి చెప్పేది కదా? పునీత తోమాసు అక్వినాసుగారే ఆ భేదం చూపారు: నిజమనుకొని అసత్యం పలికినవాడు అసలైన అర్థంలో అబద్ధమాడినట్టు కాదు. కొన్ని రాత్రులు ఈ వాదం నన్ను బాగానే నిద్రపుచ్చింది. కాని ఆయనే ‘సుమ్మా’లో నరహత్యను గూర్చిన 64వ ప్రశ్న చివర ఇంకొక మాట చెప్పారు: చేసే పని న్యాయమైనదే అయినా, తీసుకోవలసిన జాగ్రత్త తీసుకోక మరణానికి కారణమైతే దోషం తప్పదని. నాకు తెలియదన్నది నిజమే. తెలియదన్న సంగతి నాకు తెలుసు. అడిగితే ఐదు నిమిషాలలో చెప్పేవాళ్లు ఉన్నారు, అడగలేదు. తొలగించుకోగలిగిన అజ్ఞానం సాకు కాదని మేం పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే!

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో, కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దెకు పిట్టగోడ కట్టాలని, లేకపోతే పడిపోయినవాని రక్తదోషం ఆ ఇంటి మీదికి వస్తుందని ఉంది. ఆ పిట్టగోడ యజమాని కోసం కాదు. అతనికి అంచు ఎక్కడుందో తెలుసు. తెలియనిది వచ్చినవాడికి. అలాగే నిర్గమకాండము 21లో, పొడిచే అలవాటున్న ఎద్దు సంగతి తెలిసీ కట్టివేయని యజమాని మీద దోషం మోపారు. “ఆ గ్రైండరు కాస్త జిల్లుమంటుంది, చెప్పులు వేసుకొని ముట్టుకోండి” అని కొత్త కోడలికి చెప్పే ఇళ్లు నాకు తెలుసు. ఆ ఎద్దు సంగతి అందరికీ తెలుసన్నమాట.

“ఫాదర్‌గారూ, మీకేం, చెబుతారు, ఎలక్ట్రీషియన్‌కు ఇచ్చే డబ్బుతో మాకు నాలుగు రోజుల కూరగాయలొస్తాయి” అని మీలో కొందరు అంటారు. ఆ మాట నేను తేలిగ్గా తీసేయను. అద్దె ఇళ్లలో వైరింగు బాగుచేయించవలసినవారు యజమానులు. ఆదివారం ముందు బెంచీలలో కూర్చునే యజమానులకు కూడా ఈ పత్రిక వస్తుంది. ఇక సొంత చేతులతో పనిచేసుకోవడాన్ని వడ్రంగి ఇంట పెరిగిన ప్రభువును కొలిచేవాళ్లం చిన్నచూపు చూడగలమా? చట్టం కూడా అంత కఠినమేమీ కాదు. 1956 నాటి విద్యుత్ నియమాలలో 45వది ఒక గీత గీసింది. తర్వాత 2010లోనూ 2023లోనూ వచ్చిన నిబంధనలలోనూ ఆ గీత ఉంది. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చి ఉన్నదాని స్థానంలో అలాంటిదే మార్చుకోవచ్చు. కొత్త తీగ లాగడం, ఉన్నదాన్ని పెంచడం, మార్చడం మాత్రం లైసెన్సు ఉన్నవారి పని. నేను వైరు పొడిగించిన క్షణానే ఆ గీత దాటాను.

మార్చుకొనేటప్పుడైనా మెయిన్ ఆపండి. టెస్టరుతో చూడండి. ఆ టెస్టరును ముందు కరెంటున్న చోట పెట్టి అదైనా వెలుగుతోందో లేదో చూసుకోండి. అది కూడా అబద్ధం చెప్పవచ్చు.

ఆ మర్నాడు మండల కేంద్రం నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్ బోర్డు విప్పి, “ఎవరండీ ఇది చేసింది?” అన్నాడు. చెప్పాను. అతను నవ్వలేదు. తీగలు సరిచేశాక, ఇంకెక్కడెక్కడ చేయిపెట్టారో చూపించమన్నాడు. ఆలోచిస్తే నాలుగు చోట్లు తేలాయి. గురువులం కొన్నేళ్లకొకసారి బదిలీ అవుతాం. మా తర్వాత వచ్చే గురువుకు ఏ గోడలో ఏముందో తెలియదు. అందుకే ఆ విచారణ వదిలే రోజున, నేను చేసినవి, అతను సరిచేసినవి, ఇంకా చేయించవలసినవి ఒక కాగితం మీద రాసి మెయిన్ బోర్డు తలుపు లోపలివైపు అంటించి వచ్చాను. రాసిన చేయి విరిగి అతికిన ఆ అబ్బాయిదే. వాడి దస్తూరి నాకంటే బాగుంటుంది.