ఇల్లు అమ్మేవారి ధర్మం

శంకుస్థాపన, ద్వారబంధం నిలపడం, వాస్తుహోమం, గృహప్రవేశం అంటూ ఇంటి నిర్మాణంలో అడుగడుగునా ఒక విధిని పాటించే తెలుగు లోగిళ్లలో, అదే ఇంటిని మరొకరికి అప్పగించి వెళ్లే ఘట్టానికి మాత్రం సాధారణంగా ఏ విధీ కనిపించదు. పాలు పొంగించి లోపలికి వచ్చిన కుటుంబం సామాను లారీకి ఎక్కించి వెళ్లిపోతుంది. అందుచేత ఇల్లు అమ్మడం ధరకూ దస్తావేజుకూ సంబంధించిన లౌకిక వ్యవహారమేననీ, అందులో ఆధ్యాత్మిక చింతనకు చోటు లేదనీ చాలామంది భావిస్తారు. ఆ భావన సరికాదు. పతంజలి యోగశాస్త్రం మొదటి అంగంగా చెప్పిన ఐదు యమాలలో, అంటే మనిషి తనను తాను అదుపులో ఉంచుకునే నియమాలలో, సత్యం, అస్తేయం (దొంగిలించకపోవడం), అపరిగ్రహం (నాది అని పట్టుకు వేలాడకపోవడం) అనే మూడూ ఒక్కసారే పరీక్షకు నిలిచే సందర్భాలు గృహస్థు జీవితంలో అరుదు. ఇంటి అమ్మకం అటువంటి సందర్భం.

ఇంటిని అమ్మకానికి పెట్టి ఆ సంగతిని నలుగురికీ తెలియజేసే పద్ధతి ఈ దేశంలో చాలా పాతది. కౌటిల్యుని అర్థశాస్త్రంలో న్యాయవ్యవహారాలను చెప్పే మూడో అధికరణం వాస్తు విక్రయాన్ని వివరిస్తుంది; అక్కడ వాస్తువు అంటే ఇల్లు ఒక్కటే కాదు, పొలం, తోట, చెరువు వంటి స్థిరాస్తులన్నీ. కొనే అవకాశం మొదట జ్ఞాతులకు, అంటే రక్తసంబంధీకులకు, తరువాత సామంతులకు, అంటే హద్దులు కలిసిన ఇరుగుపొరుగు వారికి, ఆ తరువాత ధనికులకు, అంటే అప్పు ఇచ్చినవారికి, వరుసగా దక్కుతుంది. వారు కొననప్పుడే బయటివారి వంతు వస్తుంది. నలభై ఇరుగుపొరుగు కుటుంబాల సమక్షంలో, అమ్మదలచిన ఇంటి ముందే ప్రకటన చేయాలి. పెద్దల ఎదుట హద్దులను ఉన్నవి ఉన్నట్లు చెప్పాలి. ఈ ధరకు ఎవరు కొంటారని మూడుసార్లు పిలిచినా ఎవరూ అభ్యంతరం చెప్పనప్పుడే కొనుగోలు సాగాలి. ఈ విధానంలో ఇంటి అందచందాల వర్ణన ఎక్కడా లేకపోవడం గమనించదగినది. ఆ ఇంటి పుట్టుపూర్వోత్తరాలు తెలిసినవారి చెవిన పడేటట్లు చెప్పవలసి రావడం వల్ల, ప్రకటన చేసేవారు నిజానికి కట్టుబడక తప్పేది కాదు. నేటి అమ్మకపు ప్రకటన మాత్రం ఇంటి గురించి ఏమీ తెలియని దూరపు కొనుగోలుదారును ఉద్దేశించి వెలువడుతుంది గనుక, పూర్వం పొరుగువారు వహించిన కాపలా బాధ్యత ఇప్పుడు అమ్మేవారి అంతరాత్మ మీదే పడింది.

కళ్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని కాలంలో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి వ్యాఖ్యగా రచించిన మితాక్షర ఈ విషయంలో ఇంకా లోతుకు వెళ్తుంది. 13వ శతాబ్దిలో కేతన దానిని విజ్ఞానేశ్వరీయమనే పేరుతో తెలుగులోకి తెచ్చిన కారణంగా ఈ ధర్మశాస్త్రంతో తెలుగువారికి చిరకాల పరిచయం ఉంది. భూమి చేతులు మారడానికి గ్రామం, జ్ఞాతులు, సామంతులు, దాయాదులు సమ్మతించాలనీ, హిరణ్యోదకాలతో, అంటే బంగారాన్నీ నీటినీ ధారపోసి, దానిని అప్పగించాలనీ చెప్పే వచనాన్ని విజ్ఞానేశ్వరుడు చర్చించి, గ్రామ సమ్మతి అందరికీ వెల్లడి కావడం కోసమనీ, సామంతుల సమ్మతి హద్దుల తగాదా రాకుండా ఉండడం కోసమనీ స్పష్టం చేస్తాడు. స్థిరాస్తిని వెలకు ఇచ్చినా దాన రూపంలోనే ఇవ్వాలన్నది ఆ హిరణ్యోదకాల ఆంతర్యం. దానం చేసేవారు పుచ్చు వస్తువును దాచిపెట్టి ఇవ్వరు, ఇచ్చినదాని మీద మనసు పెట్టుకోరు. ధర పుచ్చుకుంటూనే దాతవలె అప్పగించమని కోరిన ఈ భావన ఎంతో ఉదాత్తమైనది. నేటి రిజిస్ట్రేషన్ కార్యాలయంలో వేలిముద్ర వేసే వారికి అది ఒక్క క్షణం గుర్తుకు వచ్చినా మేలే.

దాయాదుల సమ్మతి అనే మాటను ఈ కాలానికి అన్వయించేటప్పుడు ఆడపిల్లలను ముందుగా తలచుకోవాలి. హిందూ వారసత్వ చట్టానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన సవరణ, 2005లో దేశమంతటికీ వచ్చిన సవరణ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కుమార్తెలకు జన్మతః హక్కు కల్పించాయి. అయినప్పటికీ తాతల నాటి ఇంటిని అమ్మేటప్పుడు బేరం, బయానా అన్నీ ముగిసిన తరువాత, సంతకం కోసం మాత్రమే అక్కచెల్లెళ్లకు కబురు పంపే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. చట్టప్రకారం అది చిక్కులు తెచ్చే పని. ధర్మప్రకారం చూస్తే, తనది కానిదాన్ని అమ్మడాన్ని అస్వామి విక్రయమని పేర్కొని పద్ధెనిమిది వ్యవహార పదాలలో, అంటే రాజు విచారించవలసిన వివాద విభాగాలలో, ఒకటిగా చేర్చిన మనుస్మృతి హెచ్చరికకు అది చాలా దగ్గరగా వస్తుంది.

ఇక ఇంటిని సిద్ధం చేయడంలోనే అసలైన విచికిత్స ఉంది. మరొకదానితో కలిసినది, నాసిరకమైనది, తక్కువైనది, దూరాన ఉన్నది, కప్పిపెట్టినది అమ్మకానికి తగదని మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం చెబుతుంది. ఇల్లు కడిగించడం, విరిగిన గడియలు మార్పించడం, పనికిరాని సామాను తీసివేసి గదుల్లోకి గాలీ వెలుతురూ రానివ్వడం, వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టడం దోషం కాదు సరికదా, రాబోయేవారి పట్ల గౌరవం. కాని డాబా మీది పగులు పూడ్పించకుండా, వాటర్ ప్రూఫింగ్ చేయించకుండా, లోపలి గోడ మీది చెమ్మ మరకకు లప్పం పట్టించి రంగు వేయిస్తే, ఆ రంగు కప్పిపెట్టడం అవుతుంది. చేసే పని ఒకటే, తెచ్చే రంగు డబ్బా ఒకటే. లోపం పోవాలని వేసినదా, లోపం కనపడకూడదని వేసినదా అన్నది వేయించిన వారికి మాత్రమే తెలుసు. ఏప్రిల్, మే నెలల్లో బోరు ఎండిపోయే ఇంటిని కార్తికంలో చూపించి నీటికి లోటు లేదని చెప్పడం, వానాకాలంలో డ్రైనేజీ ఎదురుతన్నే వీధిలోని ఇంటిని వేసవిలోనే అమ్మేయాలని తొందరపడడం, ప్లానుకు మించి కట్టిన పై గదిని గురించి అడిగితేనే చెప్పడం, ప్రహరీ గోడ విషయమై పొరుగువారితో నడుస్తున్న వ్యాజ్యాన్ని చిన్న మాటగా దాటవేయడం కూడా ఈ కోవలోకే వస్తాయి.

లోపం లేనట్లు చూపించి లోపమున్న వస్తువును అప్పగించినవారు కొన్నవారికి వెలకు రెట్టింపు చెల్లించాలనీ, అంతే మొత్తాన్ని దండుగగా కట్టాలనీ నారదస్మృతి విధించింది. ఆధునిక చట్టమూ ఇదే దారిలో నడిచింది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్, ఆస్తిలో గాని హక్కులో గాని తనకు తెలిసి, కొనేవారికి తెలియక, వారు సాధారణ జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవారే వెల్లడించాలని శాసిస్తూ, వెల్లడించకపోవడాన్ని మోసంగా పరిగణిస్తుంది. అబద్ధం చెప్పకుండా మౌనంగా ఉన్నంత మాత్రాన సత్యవ్రతం నిలవదని చట్టమే అంగీకరించినప్పుడు, ధర్మాన్ని నమ్మేవారు అంతకంటే తక్కువకు తృప్తి పడడం న్యాయం కాదు.

అమ్మకంలో సత్యం చెబితే నష్టపోతామన్న భయానికి మహాభారతం శాంతిపర్వంలోని తులాధార జాజలి సంవాదం గొప్ప సమాధానం. జాజలి కదలకుండా తపస్సు చేస్తుండగా ఆయన జడలలో పక్షులు గూడు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లలను పెంచి ఎగిరిపోతాయి. తన తల మీద ఒక సంసారానికి నీడ ఇచ్చానన్న గర్వంతో ధర్మం సాధించానని ఆయన ప్రకటించుకోగానే, వారణాసిలోని తులాధారుడితో సాటి రావని ఒక వాణి వినిపిస్తుంది. ఆ తులాధారుడు ముని కాడు, అంగట్లో కూర్చుని సరుకులు అమ్మే వర్తకుడు. ఇతరులు కోసిన కట్టెలతో, గడ్డితో తన నివాసం కట్టుకున్నానని చెప్పే ఆయన, మద్యం తప్ప ఇతర రసద్రవ్యాలను కొని కపటం లేకుండా అమ్ముతాననీ, తన త్రాసు సర్వప్రాణుల పట్ల సమమనీ వివరిస్తాడు. క్రయవిక్రయాలు చేసే మనిషి దగ్గరకు తపస్విని పంపించి ధర్మం నేర్పించిన ఇతిహాసం, అంగడిని ధర్మానికి వెలుపల ఉంచడానికి ఒప్పుకోలేదు.

ధర నిర్ణయం దగ్గర పరీక్ష మరో రూపం దాలుస్తుంది. పిల్లలు పుట్టి పెరిగిన ఇంటికి, తండ్రి చేతులతో నాటిన మామిడిచెట్టు ఉన్న పెరటికి అమ్మేవారి మనసులో ఉన్న విలువ చుట్టుపక్కల జరిగిన అమ్మకాల ధరలతో ఎప్పుడూ పొసగదు; జ్ఞాపకాలకు కొనేవారు వెల కట్టాలని ఆశించడం వల్ల నెలల తరబడి ఇల్లు అమ్ముడుపోక, చివరకు విసుగుతో తెగనమ్ముకునే పరిస్థితి వస్తుంది. భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత యదుమహారాజుకు తన గురువులను వివరిస్తూ, గూటి మీద, పిల్లల మీద మమకారంతో తెలిసి తెలిసి వలలో పడిన పావురాన్నీ, సొంత ఇల్లు కట్టక ఇతరులు చేసిన పుట్టలో సుఖంగా ఉండే పామునూ పేర్కొంటాడు. గృహస్థులు పాములా బతకడం సాధ్యం కాదు. అయినా అమ్మకానికి కూర్చున్నప్పుడు మమకారాన్ని ధరలో కలపకుండా ఉంచడం సాధ్యమే; అపరిగ్రహం కోరేది అదే. ఇక అస్తేయానికి భంగం కలిగించేది వైట్ ఎంత, బ్లాక్ ఎంత అనే బేరం. స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు గాని అంతకు మించి గాని నగదుగా పుచ్చుకోరాదన్న నియమం ఆదాయపు పన్ను చట్టంలో 2015 నుంచి ఉన్నా, దస్తావేజులో తక్కువ రాసుకోవడాన్ని లోకరీతిగా సమర్థించుకునేవారు ఉన్నారు. ప్రజల ఖజానాకు చేరవలసిన భాగాన్ని పక్కకు తీయడం దొంగతనమే. ఆ డబ్బులో కొంత హుండీలో వేసినంత మాత్రాన దాని స్వభావం మారదు.

ప్రకటనలలో తరచుగా కనిపించే పక్కా వాస్తు అనే మాటకూ ఇదే కొలబద్ద వర్తిస్తుంది. ఋగ్వేదం ఏడో మండలంలో గృహాధిదేవత అయిన వాస్తోష్పతిని స్తుతించే సూక్తం, రోగం లేని నివాసాన్నీ, ఇంట్లోని మనుషులకూ పశువులకూ క్షేమాన్నీ కోరుతుంది. చెమ్మ పట్టిన గదిలో పసిపిల్లలు దగ్గుతో బాధపడతారని తెలిసీ చెప్పని అమ్మకందారు, ఈశాన్యం పెరిగిందనీ, తూర్పు ముఖద్వారమనీ ఎంత నొక్కి చెప్పినా, వాస్తోష్పతిని ఏ క్షేమం కోసం ప్రార్థిస్తారో ఆ క్షేమానికే అడ్డు నిలిచినట్లు. పక్కా వాస్తు అన్న మాటకు బదులు ప్రకటనలో స్థలం ఎన్ని గజాలో, అపార్ట్‌మెంటు అయితే గోడల లోపలి వైశాల్యమైన కార్పెట్ ఏరియా ఎంతో, భూమిలో విడదీయరాని వాటా ఎంతో, కట్టి ఎన్నేళ్లయిందో రాయడం కొనేవారికి ఎక్కువ ఉపకారం. లింకు డాక్యుమెంట్లను, అంటే హక్కు ఒకరి నుంచి మరొకరికి సంక్రమించిన క్రమాన్ని చూపే పాత దస్తావేజులను, ఆస్తిపై నమోదైన లావాదేవీలనూ తాకట్టులనూ తెలిపే ఈసీని, ఆస్తిపన్ను రసీదులను ముందే వరుసగా అమర్చి, అడగకుండానే చేతికి ఇవ్వడం కూడా సత్యాచరణలో భాగమే. ఇరవై ఏళ్ల అప్పు నెత్తిన పెట్టుకుని కొనబోయే కుటుంబానికి ఆ కాగితాలు ఇచ్చే నిశ్చింత చాలా పెద్దది.

ఒప్పందం కుదిరిన నాటి నుంచి తాళాలు ఇచ్చే నాటి దాకా ఉన్న నడిమి కాలం కూడా ధర్మచింతనలోకి రావాలి. ఆ వ్యవధిలో వివేకవంతుడైన యజమాని తన ఆస్తిని ఎలా చూసుకుంటాడో, అమ్మిన ఇంటినీ దాని పత్రాలనూ అలాగే కాపాడాలని పైన చెప్పిన 55వ సెక్షనే నిర్దేశిస్తుంది. పూజగదిలోని విగ్రహాలను, పటాలను మంచిరోజు చూసుకుని తీసుకుపోవడం సహజమే. కాని ఇంటితో పాటు బేరమాడిన మోటారును, గీజరును, అల్మరా తలుపులను విప్పుకుపోవడం, కోత అయిపోయింది కదా అన్నట్లు మొక్కలకు నీళ్లు పోయడం మానేయడం, వెళ్లే ముందు కరెంటు బిల్లును, అపార్ట్‌మెంటు సంఘానికి కట్టవలసిన నెలసరి రుసుమును బకాయి పెట్టడం ధారపోసిన నీటిని వెనక్కి తీసుకోవడంతో సమానం. నీటి గొట్టాలు ఏ గోడలో నుంచి పోతున్నాయో, వాల్వు ఎక్కడుందో, సెప్టిక్ ట్యాంకు మూత ఏ బండ కింద ఉందో, ఏ పొరుగువారు ఆపదలో పలుకుతారో కొత్తవారికి చెప్పి, పేరు మార్పిడి దరఖాస్తు మీద కావలసిన సంతకాలు పిలిచిన రోజున వచ్చి పెట్టేవరకు అమ్మకం పూర్తయినట్లు కాదు.