తనది కానిదాన్ని వదులుకోవడం ఎలా?

ఫలం మీద ఆశ పెట్టుకోకుండా పని చెయ్యమని గీత చెప్పిన మాటను మనం ఎక్కువగా ఎవరికి చెబుతుంటామో గమనించండి. కూలి పెంచమన్నవాడికి, పారితోషికం అడిగిన గాయకుడికి, తన పాట మీద రావలసిన వాటా ఏదని నిలదీసిన వాద్యకారుడికి. కళ దైవదత్తం కదా, దానికి లెక్కలేమిటని పెద్దమనుషులు మందలిస్తారు. నిష్కామకర్మ గొప్ప సత్యమని నేను మనసారా నమ్ముతాను. అందుకే దాన్ని ఇలా వాడుకోవడం చూస్తే బాధ కలుగుతుంది. మనిషి తన శ్రమఫలాన్ని త్యాగం చెయ్యాలంటే ముందు అది అతని చేతికి రావాలి. చేతికి రాకముందే లాక్కుని దానికి త్యాగమని పేరు పెడితే అది దోపిడీయే. అమెరికాలోని నల్లవాళ్ల సంగీతమైన బ్లూస్ చరిత్రలో ఈ సంగతి కనిపించినంత స్పష్టంగా మరెక్కడా నాకు కనిపించలేదు. అందులోనూ ఏ పెద్ద కంపెనీ నీడా లేకుండా సొంతంగా నిలబడిన ఒక గాయకుడి జీవితం ఈ ప్రశ్నకు నేరుగా తగులుతుంది.

ఫెంటాస్టిక్ నెగ్రీటో అన్న పేరుతో పాడే ఆ మనిషి 1968లో పుట్టాడు, కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో పెరిగాడు. తండ్రి ఆచారం తప్పని ముస్లిం, ఇంటినిండా పిల్లలు. సంగీతం ఎవరూ నేర్పలేదు. బర్క్‌లీ యూనివర్సిటీలో విద్యార్థిలా చొరబడి, క్లాసు గదుల్లో పియానో వాయించేవాళ్లను చూసి నేర్చుకున్నాడు. 1990ల్లో ఇంటర్‌స్కోప్ అనే పెద్ద కంపెనీ భారీ మొత్తానికి ఒప్పందం రాయించుకుంది. 1996లో వచ్చిన ఆల్బమ్ అమ్ముడుపోలేదు. 1999లో కారు ప్రమాదం జరిగింది. మూడు వారాలు కోమాలో ఉన్నాడు. గిటారు మీటే చెయ్యి నుజ్జయింది. కంపెనీ వదిలేసింది. 2007 నాటికి వాద్యాలు దాదాపు అన్నీ అమ్మేసి పాటకే దూరమయ్యాడు. అమ్మగా ఇంట్లో మిగిలిపోయిన ఒక్క గిటారును, కొన్నేళ్ల తర్వాత, చంటి కొడుకును ఆడించడానికి తీసి ఒక్క తీగల కూర్పు మోగించాడు. పిల్లవాడి ముఖం వెలిగిపోయింది. అక్కడినుంచి మళ్లీ మొదలుపెట్టాడు. ఓక్లాండ్ వీధుల్లో నిలబడి, ఆగినవాళ్లు ఆగగా పోయినవాళ్లు పోగా పాడాడు. 2015లో నేషనల్ పబ్లిక్ రేడియో పెట్టిన టైనీ డెస్క్ పోటీకి, సామాను ఎక్కించే లిఫ్టులో చిత్రీకరించిన పాట పంపి గెలిచాడు. ప్రమాదం తర్వాత ఆ చెయ్యి సరిగా ముడుచుకోదు. దాన్ని పంజా అంటాడు. సున్నితమైన మీటుడు సాధ్యం కాక తీగలను దరువులా కొడతాడు. ఈనాడు మనం అతని శైలి అనుకుంటున్నది అదే. సమకాలీన బ్లూస్ ఆల్బమ్‌కు ఇచ్చే గ్రామీ బహుమతి 2017, 2019, 2021లలో మూడుసార్లు వచ్చింది.

ఈ కథలో త్యాగం ఎక్కడుంది? 2007లో వాద్యాలు అమ్ముకున్నప్పుడు అని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. అది అలసట. మన పెద్దలు చెప్పే శ్మశాన వైరాగ్యానికి దగ్గరి చుట్టం. అతను వదిలింది అప్పటికే అతనిది కాదు. పెద్ద కంపెనీలు అడ్వాన్సు ఎలా ఇస్తాయో తెలిస్తే ఈ సంగతి అర్థమవుతుంది. చేతికిచ్చే ఆ డబ్బు జీతం కాదు, బహుమానమూ కాదు. రికార్డింగు ఖర్చుతో సహా అదంతా కళాకారుడి వాటాలోంచి రాబట్టుకుంటారు. అది తీరేదాకా రికార్డు అమ్మకాల మీద అతనికి పైసా రాదు. తీరిన తర్వాత కూడా అసలు రికార్డు మీద హక్కు సాధారణంగా కంపెనీదే. అలాంటివాడు పాట కట్టడానికి కూర్చుంటే పాటకంటే ముందు బాకీ ఎదురొస్తుంది. ఫలచింతన మానమని అతనికి ఎవరు చెప్పినా లాభం లేదు, ఎందుకంటే చింత ఒప్పందంలోనే రాసి ఉంది. రెండోసారి వచ్చినప్పుడు అతను తన సహచరులతో కలిసి బ్లాక్‌బాల్ యూనివర్స్ పేరుతో సొంత గూడు కట్టుకున్నాడు. పాట అమ్ముడుపోకపోతే నష్టం తనది, అమ్ముడుపోతే లాభం తనది. ఆ స్థితిలోనే, అమ్ముడుపోతుందా అన్న ప్రశ్నను గది బయట వదిలేసి పాట కట్టుకునే వీలు మనిషికి కలుగుతుంది.

దీనికి గీత నుంచే అభ్యంతరం వస్తుంది. పని మీదే తప్ప ఫలం మీద నీకు అధికారం లేదని కృష్ణుడు చెప్పాడు కదా, మరి హక్కు అంటావేమిటని. ఆ మాట పని చేసేవాడి మనసుతో చెప్పింది. ఫలం ఎలా వస్తుందో, ఎప్పుడు వస్తుందో నీ అదుపులో లేదు, దానికోసం కుమిలిపోకు అని. పక్కవాడు దాన్ని జేబులో వేసుకోవచ్చని అందులో ఎక్కడా లేదు. పైగా ఆ తర్వాతి అధ్యాయంలోనే, అందుకున్నదానికి తిరిగి ఇవ్వకుండా అనుభవించేవాణ్ని దొంగ అని గీత తేల్చి చెబుతుంది. దొంగను దొంగ అనడం ఫలాపేక్ష ఎలా అవుతుంది? అలా నిలదీసిన ఇద్దరి సంగతి చూడండి. 1950ల్లో అట్లాంటిక్ రికార్డు కంపెనీ నిలదొక్కుకున్నది గాయని రూత్ బ్రౌన్ పాటల మీద. దాన్ని రూత్ కట్టిన ఇల్లు అనేవాళ్లు. అదే రూత్ తర్వాతి కాలంలో ఇళ్లలో పనిమనిషిగా, స్కూలు బస్సు డ్రైవరుగా పని చేసింది. ఏళ్లతరబడి పోరాడి 1988లో తన వాటా రాబట్టుకుంది. ఆ పోరాటంలోంచే పాత కళాకారులను ఆదుకునే రిథమ్ అండ్ బ్లూస్ ఫౌండేషన్ పుట్టింది. బ్లూస్ పాటల రచయిత విల్లీ డిక్సన్ తన పాటను వాడుకున్నారని 1985లో లెడ్ జెప్లిన్ అనే రాక్ బృందం మీద దావా వేశాడు, రెండేళ్లకు రాజీ కుదిరింది. తనలాంటివాళ్ల హక్కుల కోసం బ్లూస్ హెవెన్ అనే సంస్థ పెట్టాడు. ఆయన పోయిన తర్వాత ఆయన భార్య, ఒకప్పుడు ఆయన పాటలు రికార్డయిన చెస్ కంపెనీ పాత భవనాన్నే షికాగోలో కొని ఆ సంస్థకు ఇల్లు చేసింది. వీళ్లిద్దరూ అడిగి తీసుకున్నారు, తోటివాళ్లకూ పంచారు. అడగకుండా ఉంటే పంచడానికి ఏముండేది?

ఇంతకంటే బరువైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. బ్లూస్ గాయకుడు మిసిసిపీ జాన్ హర్ట్‌కు ఏ హక్కులున్నాయి? 1928లో ఓకే అనే రికార్డు కంపెనీకి కొన్ని పాటలు పాడి, అవి అమ్ముడుపోక, అవలాన్ అనే తన పల్లెకు తిరిగిపోయి పొలం పనులు చేసుకున్నాడు. ఆ పల్లె పేరున్న పాట ఆధారంగా 1963లో ఒక యువకుడు వెతుక్కుంటూ వెళ్లేదాకా ఆయన ఉన్నాడో లేడో లోకానికి తెలియదు. ఆ ముప్పై అయిదేళ్లలో ఆ వేళ్ల మెత్తదనం పోలేదు, గొంతులో కసి చేరలేదు. ఏ ఆస్తీ లేకుండానే నిష్కామం సాధ్యమని ఆయన చూపించలేదా? ఇంకా వెనక్కి పోతే, పత్తి చేలల్లో పాడిన బానిసలకు సొంత శరీరమే లేదు. వాళ్ల పాట స్వేచ్ఛ కాదా? ఈ ప్రశ్న ముందు నేను చాలాసేపు ఆగుతాను. నాకు తోచిన జవాబు ఇది. యజమాని వాళ్ల చేతులను కొన్నాడు, పిల్లలను కొన్నాడు, పాటను మాత్రం కొనలేకపోయాడు. అన్నీ పోయిన మనిషికి అదొక్కటే సొంతం కాబట్టే దాన్ని అంత ధారాళంగా గాలికి ఇవ్వగలిగాడు. అవలాన్‌లో సాయంత్రాలు ఇరుగుపొరుగు కోసం వాయించిన హర్ట్ కూడా తన సంగీతానికి తానే యజమాని. రికార్డు కంపెనీలు వచ్చి ఆ చివరి ఆస్తికి కూడా కాగితం రాయించుకున్నాయి. బ్లూస్‌కు జరిగిన అన్యాయంలో డబ్బు కంటే నాకు ఇదే పెద్దదిగా కనిపిస్తుంది.

సొంతంగా నిలబడ్డ కళాకారుడు తానే వ్యాపారి కావలసి వస్తుందన్నది నిజం. టిక్కెట్లు, చొక్కాలు, ఫోన్లో విన్నవాళ్ల సంఖ్య, అన్నీ తానే చూసుకోవాలి. బాకీ చింత పోయి బేరం చింత పట్టుకోవచ్చు, చాలామందికి పట్టుకుంటుంది కూడా. స్వాతంత్ర్యం నిష్కామాన్ని తెచ్చిపెట్టదు, దానికి చోటు మాత్రం ఇస్తుంది. ఆ చోటును నెగ్రీటో ఎలా వాడుకున్నాడో 2022 ఆల్బమ్‌లో కనిపిస్తుంది. 1750ల వర్జీనియాలో అతని ఏడు తరాల వెనకటి తాత నల్లబానిస, అవ్వ ఒప్పంద కూలీగా స్కాట్లాండ్ నుంచి వచ్చిన తెల్లమనిషి. చట్టం ఒప్పని వాళ్ల కాపురాన్ని ఆల్బమ్‌గా, సినిమాగా చేసి తన సొంత స్టోర్‌ఫ్రంట్ రికార్డ్స్ మీద విడుదల చేశాడు. బిడ్డకు తల్లి హోదాయే వస్తుందన్న ఆనాటి చట్టం వల్ల వాళ్ల పిల్లలు బానిసలు కాలేదు. తండ్రి మాత్రం బానిసగానే ఉన్నాడు. ఆయన నాటిన ప్రతి మొక్క ఫలమూ చట్టప్రకారం మరొకడిది. ఫలాపేక్ష వద్దని ఆ చేలోకి వెళ్లి ఆయనకు చెప్పడానికి ఏ గురువుకైనా నోరెలా వస్తుంది? ఈనాడు ఆయన మనవడికి చెప్పవచ్చు. ఇవ్వాలా వద్దా అని తేల్చుకోవడానికి అతని దగ్గర ఏదో ఒకటి ఉంది.