ఎనిమిదిసార్లు చచ్చాక

2009లో నింటెండో ‘న్యూ సూపర్ మారియో బ్రదర్స్ వీ’ అనే ఆట తెచ్చింది. అందులో ఒకే లెవెల్లో ఎనిమిదిసార్లు చచ్చిపోతే, మళ్ళీ మొదలుపెట్టేసరికి ఒక ఆకుపచ్చ దిమ్మ కనబడుతుంది. దాన్ని తలతో కొడితే మారియో తమ్ముడు లుయీజి వచ్చి ఆ లెవెల్ మొత్తం మన బదులు ఆడేస్తాడు. మనం రిమోట్ పక్కన పెట్టి చూస్తూ కూర్చోవచ్చు. మధ్యలో మనసు మారితే మనమే అందుకోవచ్చు. అసలు వద్దనుకుంటే ఆ దిమ్మ జోలికే పోనక్కర్లేదు. బలవంతమేమీ లేదు.

అయినా దాని మీద నా కోపం ఇంతవరకూ చల్లారలేదు. ఎనిమిదిసార్లు చచ్చేసరికి మాకు అప్పుడే చెయ్యి తిరగడం మొదలయ్యేది. సరిగ్గా అక్కడే ఒకడొచ్చి ‘నువ్వు లేవమ్మా, నేను చూసుకుంటా’ అంటే ఒళ్ళు మండదా? ‘నచ్చకపోతే నువ్వు ఆడకు, కాలక్షేపానికి ఆడుకునేవాళ్ళని ఆడుకోనీ’ అంటారు అందరూ. ఆ మాట నాకు ఎప్పుడూ సమాధానంగా తోచలేదు. నా ఫిర్యాదు నా గురించి కాదు. ఆ కాలక్షేపం మనిషికి ఏం ఇస్తున్నారన్నదే నా ఫిర్యాదు.

మా నందిగాం ఇంట్లో సమురాయ్ అనే డబ్బా ఉండేది. నింటెండో ఫామికామ్‌కి నకలు అది. అసలు నింటెండోని మా వైపు మేమెవరం కళ్ళతో చూడలేదు. క్యాసెట్ మీద వేలకొద్దీ ఆటలని రాసుంటే, లోపల తిప్పి తిప్పి అవే పదో ఇరవయ్యో. వాటిల్లో కాంట్రా ఒకటి. వేసవి సెలవులకి ఉద్దానం నుంచి మా మేనత్తతో పాటు ఆమె కొడుకు వచ్చేవాడు. ఎండెక్కాక ఇద్దరం టీవీ ముందు చేరేవాళ్ళం. ఒక్క తూటా తగిలితే ఒక ప్రాణం పోతుంది. ఉన్నవి మూడు. దాచుకోవడం లేదు, కరెంటు పోతే ఆట మొదటికి.

మూడో లెవెల్ జలపాతం. రాళ్ళ మీంచి రాళ్ళ మీదికి గెంతుతూ ఇద్దరూ పైకెక్కాలి. ముందున్నవాడు ఎక్కేకొద్దీ తెర కూడా పైకి జరుగుతుంది. వెనకబడినవాడి కింద రాయి తెరలోంచి మాయమైపోతుంది. ఇంకక్కడ దిగితే చావే. శత్రువు తూటా అక్కర్లేదు, తోటివాడి తొందర చాలు. బావ చెయ్యి నాకంటే చురుకు. అతను ఎక్కేసేవాడు, నేను చచ్చేవాణ్ణి. ‘ఆగు బావా, ఆగు’ అని నేను. ‘ఏట్రా నీ నడక, బేగి రా’ అని అతను. మా మేనత్త వంటింట్లోంచి కేకలేసేదాకా ఇదే గోల.

ఒక మధ్యాహ్నం బావ ఆగాడు. పైనుంచి దొర్లుకొస్తున్న బండల్ని తప్పించుకుంటూ ఒకే రాతి మీద అటూ ఇటూ కదులుతూ నా కోసం నిలబడ్డాడు. నేను ఎక్కాను గానీ, ఆ ఆగడంలో అతని ప్రాణం ఒకటి పోయింది. ‘పోతే పోయిందిలే, పద’ అన్నాడు. ఆ రోజు జలపాతం దాటామో లేదో నాకు గుర్తులేదు. అతను ఆగడం గుర్తుంది.

కాబట్టి నేనడిగేది కష్టం కాదేమో అని ఇప్పుడు అనుమానం. కష్టం గొప్పదని వాదించేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. కానీ మా క్యాసెట్లోనే ముప్పై ప్రాణాల కాంట్రా కూడా ఉండేది, దాన్ని మేం హాయిగా ఆడుకున్నాం. ఆ ముప్పై ప్రాణాల మీటకి మూలం మరీ చిత్రం. 1986లో గ్రాడియస్ ఆటని ఫామికామ్‌కి మారుస్తున్న కజుహిసా హషిమోతోకి తను తయారుచేస్తున్న ఆట తనకే కొరుకుడు పడలేదు. పరీక్షించుకోవడానికి పైకి పైకి, కిందికి కిందికి అంటూ ఒక బటన్ల వరస పెట్టుకుని, దాన్ని తియ్యకుండానే ఆట వదిలేశాడు. అదే వరస తర్వాత కాంట్రాకి ముప్పై ప్రాణాలిచ్చింది. అంటే సులువు నిన్న మొన్న ఆడరానివాళ్ళ కోసం పుట్టింది కాదు. తయారుచేసినవాడికే అవసరపడింది. మరి దాని మీద రాని కోపం ఆకుపచ్చ దిమ్మ మీద ఎందుకొస్తుంది?

నా వాదం ఇక్కడ చాలాకాలం ఆగిపోయింది. దాన్ని కదిపింది పలాసలో ఒక డయాలసిస్ మంచం.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి తెలుగు పాఠకులకి కొత్తగా చెప్పేదేముంది. బావకీ వచ్చింది. మిషను ఎక్కితే నాలుగు గంటలు. ఎడమ చేతికి రెండు సూదులు. ఆ చెయ్యి వంచకూడదు, వంగితే మిషను కూత పెడుతుంది. ప్లేస్టేషన్ కంట్రోలర్‌కి రెండు చేతులు కావాలి. అతనికున్నది ఒక బొటనవేలు. దాంతో ఫోనులో రంగు మిఠాయిలు జరిపి మూడేసి కలిపే ఆట ఆడుతున్నాడు. నేనెన్నడూ ఆటగా లెక్కవెయ్యని ఆట.

‘అదేం ఆట బావా, ఏమీ చెయ్యకుండానే గెలిపించేస్తాది’ అన్నాను.

‘రోజూ ఓడిపోతన్నాను కదరా. ఈ మంచం మీద కూడా ఓడిపోమంటావేటి?’

నా దగ్గర జవాబు లేదు. కష్టం మనిషిని గట్టిపరుస్తుందనే మాటని ఆ గదిలో ఎవరితో అంటాం? రెండు గుక్కల నీళ్ళు కూడా లెక్కపెట్టుకుని తాగే మనుషులు వాళ్ళు.

కాసేపటికి ఆ ఆటలో ప్రాణాలు అయిపోయాయి. ఇంకో ప్రాణం రావాలంటే అరగంట ఆగాలి, లేదంటే డబ్బు కట్టాలి. అప్పుడు బావ ఫోను నా చేతిలో పెట్టి, ‘కాంట్రా ఉందేటి నీ కాడ? నువ్వాడు, నేను చూస్తాను’ అన్నాడు. దించుకుని ఆడాను. అద్దం మీది బటన్లు వేలికి తగలవు, ఎక్కడ నొక్కుతున్నామో తెలీదు. అతను పడుకునే, ‘అక్కడ గెంతకు, బండ పోనీ, ఇప్పుడు’ అని చెబుతున్నాడు. జలపాతం సగంలో చచ్చాను. గట్టిగా తిట్టాడు. పక్క మంచం మీద పెద్దాయన తల తిప్పి చూశాడు. మళ్ళీ మొదలుపెట్టమన్నాడు.

ఇంటికొస్తుంటే తట్టింది. ఆ పూట నేను చేసింది లుయీజి పనే కదా. కంట్రోలర్ పట్టలేనివాడి బదులు ఆడాను. తేడా ఒక్కటే. ఆకుపచ్చ దిమ్మ కొడితే వచ్చే లుయీజి చావడు. ముందే రికార్డు చేసిపెట్టిన ఆట అది, మన కోసం అతనికి పొయ్యేదేమీ లేదు. అతన్ని తిట్టలేం, ఆగమని బతిమాలలేం. నేను చచ్చాను. బావకి తిట్టడానికి ఒక మనిషి దొరికాడు.

అందుకే కన్సోల్ సులువైపోయిందని అరిచేవాళ్ళ గుంపులో ఇప్పుడు నేను పూర్తిగా ఇమడను. 2006 నవంబరులో వచ్చిన నింటెండో వీ యంత్రం రిమోట్ ఒంటిచేత్తో పట్టుకునేది. వీ స్పోర్ట్స్ బౌలింగ్‌లో ఒకే రిమోట్ చేతులు మారుతూ తాతా మనవడూ వంతులు వేసుకుని ఆడారు, పది కోట్లకి పైగా యంత్రాలు అమ్ముడుపోయాయి. అది నాకు న్యాయంగానే కనిపిస్తుంది. 2018లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన అడాప్టివ్ కంట్రోలర్ ఇంకా న్యాయం. రెండు చేతులూ సరిగా ఆడనివాళ్ళకి తగ్గట్టు బటన్లు మార్చింది, ఆట జోలికి పోలేదు. చేతికి సులువు చెయ్యడం వేరు, ఆడేవాణ్ణి పక్కకి లేపి కూర్చోబెట్టడం వేరు. ఆకుపచ్చ దిమ్మ రెండోది. దాన్ని నేను క్షమించను.

కానీ కష్టమైన ఆటలు ఆడే మా జాతిని మాత్రం ఎవరు ఆపుతున్నారు? మేమూ ఎక్కేస్తున్నాం. కింద తెర జరిగిపోతున్నవాళ్ళని చూడకుండా, చేతకానివాళ్ళు ఎందుకొచ్చారని అడుగుతున్నాం. పెద్ద ఆటలు చాలావరకు ఇప్పుడు ఒక గదిలో ఒకడే కూర్చుని ఆడేవి. పక్కన కూర్చునేవాడికి చోటు లేకుండా చేసింది కాలక్షేపపు ఆటలు మాత్రమే కాదు, మేం మెచ్చుకున్న ఆటలు కూడా. మా సమురాయ్ డబ్బాలో రెండు జాయ్‌స్టిక్‌లు వచ్చేవి. ప్లేస్టేషన్ 5 డబ్బాలో కంట్రోలర్ ఒక్కటే ఉంటుంది, రెండోది విడిగా కొనుక్కోవాలి.