కనకమహాలక్ష్మికి ఇత్తడి హారము

మార్గశిర గురువారములు వచ్చినవన్నచో విశాఖపట్టణపు పాత ఊరిలోని బురుజుపేట సందులు తెల్లవారక మునుపే పసుపునీళ్లతో తడిసిపోవును. పైకప్పు లేని గర్భాలయమున ఎండకు ఎండుచు వానకు తడియుచు, ఎడమచేయి లేని రూపముతో వెలసియున్న కనకమహాలక్ష్మి అమ్మవారికి, కులభేదము లేక, అర్చకుని చేయి నడుమ అడ్డు రాక, ఎవరి పాలు వారు, ఎవరి పసుపు వారు స్వహస్తములతో సమర్పించుకొనుట అచ్చటి ఆచారము. పేరులోనే కనకము గల ఆ తల్లి మెడకు ఒక హారమును తాకించి, ఆ ప్రసాదమును క్రొత్తగా కాపురమునకు వచ్చిన కోడలికి పెట్టవలెనని గాజువాకలో నుండు మా పిన్ని మ్రొక్కుకొనెను. ఉక్కు కర్మాగారమున పనిచేసి విరమించిన బాబాయి సంపాదనలో ఇల్లు అమరినది, పిల్లల చదువులు అమరినవి. బంగారము మాత్రము, దాని ధర విన్నపుడెల్ల, మరుసటి యేటికి జరుగుచు వచ్చినది.

అట్టి దినములలో ఒక మధ్యాహ్నము టెలివిజన్ తెర మీద ఒక హారము కనబడెను. నల్లని మఖమలు మీద పరచిన ఆ నగపై దీపముల వెలుగు కుమ్మరించి, ఒక యువతి దానిని వ్రేళ్లతో త్రిప్పి చూపుచు "బంగారు" అను మాటను నోరార పలుకుచుండెను. "పూత" అను మాట మాత్రము తెర అడుగున చీమతలలంత అక్షరములలో పరుగెత్తుచుండెను. కెంపులు జాతిరాళ్లనియు, వెల 1,999 రూపాయలేననియు, గడువు కొద్ది నిమిషములే యనియు చెప్పుచుండగా పిన్ని ఫోను చేసెను. పార్సిలు విప్పి చేతిలోనికి తీసికొనగనే అది తేలికగా తోచినదట. ఆ తోచినదానిని మనసులోనే అణచివేసికొని, తొలి గురువారము నాడు అమ్మవారి మెడకు తాకించి, "బంగారు హారం తెచ్చానమ్మా" అని చెప్పుకొని, ఇంటికి వచ్చి కోడలి మెడలో వేసినది. సంక్రాంతి నాటికి ఆ పిల్ల మెడ మీద పచ్చని చిలుము గీత పడినది.

కురుపాం మార్కెట్టులోని షరాబు హారమును గీటురాయి మీద ఒకమారు గీచి, ఆ గీత మీద ఆమ్లపు చుక్క వేయగా గీత పొంగి మాసిపోయినది. భూతద్దము కంటికి ఆనించుకొని కెంపు కడుపులో గుండ్రని గాలిబుడగలు చూపి, అది గాజని చెప్పినాడు.

ఆ సాయంకాలము పిన్ని నన్ను అడిగినది డబ్బును గూర్చి కాదు. "ఒరే నాయనా, అమ్మవారితో అబద్ధమాడినట్టేనా నేను? పైగా ఆవిడ మెడకి తాకించిన వస్తువుని తీసుకెళ్లి గీటురాయి మీద గీయించానే, అది ఇంకో తప్పా?" ప్రక్కగదిలో నుండి బాబాయి, సంశయించువానికి ఈ లోకమును లేదు, పైలోకమును లేదు అని గీతలో ఉన్నది గదా యని గట్టిగా అనెను. ఆ ప్రశ్నలును ఈ మందలింపును నన్ను చాల దినములు విడువలేదు.

బాబాయి తలచిన మాట గీత 4వ అధ్యాయమున 40వ శ్లోకములోనిది. కాని దానికి ఆరు శ్లోకములకు ముందే, జ్ఞానమును ప్రణామముచేతను పరిప్రశ్నచేతను సేవచేతను తెలిసికొనుమని అదే ఆచార్యుడు అదే శిష్యునికి ఉపదేశించియున్నాడు. అడుగుమని పిలిచినవాడు, అడిగినందుకు నీవు నశింతువని శపించునా? గౌతముని న్యాయశాస్త్రము తత్త్వజ్ఞానమునకు ఆవశ్యకములుగా లెక్కించిన 16 పదార్థములలో ప్రమాణము, ప్రమేయము అనువాని వెంటనే మూడవదిగా నిలిచినది సంశయమే. సంశయము లేనిచోట విచారము లేదు, విచారము లేనిచోట నిర్ణయము లేదు. కాగా గీత నిందించిన సంశయము నిర్ణయమును కోరు సంశయము కాదు, నిర్ణయమునకు భయపడి మూల దాగికొను సంశయము. ఆ లెక్కన పిన్ని సంశయాత్మురాలుగా ఉన్నది షరాబు అంగడిలో కాదు. చేతిలో తేలికగా తోచిన హారమును తేలికగా లేదని తనకు తానే చెప్పుకొనుచు గడపిన ఆ నెలన్నర దినములలో. గీటురాయి మీద గీత పడిన క్షణముననే ఆమె సంశయము తీరినది.

విశాఖ నుండి భీమునిపట్టణమునకు పోవు సముద్రపు దారిలో తొట్లకొండ మీద బౌద్ధభిక్షువుల విహారశిథిలములు నేటికిని కలవు. ఆ కొండ ఎక్కిన ప్రతిసారియు నాకు బౌద్ధులు పరంపరగా చెప్పుకొను మాట ఒకటి జ్ఞప్తికి వచ్చును: బంగారమును కాల్చి, కోసి, ఒరసి చూచి గ్రహించినట్లుగా తన మాటను కూడ పరీక్షించియే గ్రహింపుడనియు, తన మీది గౌరవముచేత గ్రహింపవలదనియు బుద్ధుడు చెప్పెనని శాంతరక్షితుడు మొదలగువారు స్మరించినారు. దైవసమానుడైన గురువు తన వాక్కునకే ఒరగల్లును ఒప్పుకొన్నపుడు, టెలివిజన్ వర్తకుడు అమ్మిన హారమునకు ఒరగల్లు అపచారమగుట యెట్లు?

అయినను పిన్ని ఏల నమ్మినది అను ప్రశ్నను తేలికగా దాటరాదు. నమ్మినవారిని నవ్వుట మన ఊళ్లలో సులభమైపోయినది. జ్ఞానమునకు ప్రామాణ్యము స్వతస్సిద్ధమనియు, బాధకమైన మరియొక జ్ఞానము వచ్చుదనుక దానిని నమ్ముటయే సహజమనియు మీమాంసకులు వాదించిరి. చెప్పినదానిని తొలుత నమ్ముట మనుష్యధర్మము. అది లేనినాడు తల్లి మాట బిడ్డకు అందదు. దోషము నమ్మకములో లేదు, నమ్మకమును అందుకొన్న నోటిలో ఉన్నది. శబ్దము ప్రమాణమగుటకు అది ఆప్తుని ఉపదేశమై యుండవలెనని న్యాయసూత్రము. ఆప్తుడనగా వస్తువును స్వయముగా ఎరిగినవాడు, ఎరిగినది ఎరిగినట్లు చెప్పవలెనను కోరిక గలవాడు అని ఆ సూత్రమునకు భాష్యము వ్రాసిన వాత్స్యాయనుడు వివరించి, ఋషియైనను ఆర్యుడైనను మ్లేచ్ఛుడైనను ఈ లక్షణము సమానమే యనినాడు. ఎంత ఉదారమైన నిర్వచనము! జాతితో, వేషముతో, స్థానముతో దీనికి పని లేదు. తెర మీది యువతి ఆ కెంపు ఏ కొలిమిలో కరిగినదో ఎరుగదు. ఎరిగినను చెప్పుటకు జీతము పుచ్చుకొనలేదు. కురుపాం మార్కెట్టు షరాబు, హారమును కొనక అమ్మక, గాలిబుడగను చూపిన ఆ రెండు నిమిషములు, ఆప్తుడు.

తెరకు మరియొక లోపము కలదు. అది కంటికి వడ్డించును, చెవికి వడ్డించును. చేతిని పస్తు పెట్టును. మన తల్లులు బంగారమును కంటితో ఎరిగినదానికన్న అరచేతితో ఎరిగినది ఎక్కువ. ఒకే పరిమాణము గల రెండు నగలను తూచినచో 22 క్యారెట్ల బంగారపు బరువులో ఇత్తడి సగమైనను తూగదు. పిన్ని అరచేయి చెప్పిన సాక్ష్యము సరియైనది. కన్ను దాని నోరు మూయించినది. ఎండవేళ రామకృష్ణా బీచిలో ఆల్చిప్ప తళుక్కుమనగా వెండి అని వంగుట భ్రాంతికి మన దర్శనముల పాత ఉదాహరణము. అచ్చట కనబడిన వెండి ఉన్నదనుటకును లేదనుటకును వీలులేనిదని అద్వైతులు. ఎక్కడనో అంగట చూచిన వెండియే ఇచ్చట తోచినదని నైయాయికులు. ఎదుటి మెరుపును, మనసులోని వెండి జ్ఞాపకమును వేరుచేసి ఎరుగకపోవుటయే భ్రాంతి యని మీమాంసకులలో ప్రాభాకరులు. ఈ విషయమున నేను ప్రాభాకరుల పక్షము. పిన్ని తెర మీద చూచినది ఇత్తడి మెరుపు. ఆ మెరుపులో ఆమెకు తోచినది, పిల్లల చదువులకై ఏనాడో అమ్ముకొన్న మా అమ్మమ్మ కాసులపేరు. ఆ రెంటి నడుమ గీత గీయుటకు తెర ఆమెకు వ్యవధి నీయలేదు. కొద్ది నిమిషముల గడువు అనుట అందులకే.

ఇక అబద్ధము మాట. పత్రమైనను పుష్పమైనను భక్తితో ఇచ్చినదానిని గ్రహింతునని చెప్పిన దేవునికి ఇత్తడి తక్కువ కాదు. తానే ఎడమచేయి లేక వెలసి, ఇన్ని లక్షల మంది మ్రొక్కులందుకొను తల్లికి లోపమున్న వస్తువు అంటరానిది కాదు. ఇత్తడి మీద బంగారు పూత పూయుటయు పాపము కాదు. మచిలీపట్టణము దరి చిలకలపూడిలో తరతరములుగా గిల్టు నగలు చేయుచున్నారు. అవి గిల్టు నగలని చెప్పి అమ్ముదురు, గిల్టు నగలని తెలిసి కొందురు, పెండ్లిండ్లలో అవి బీదపిల్లల మెడలకు కళ నిచ్చుచున్నవి. పేరు మార్చిననాడు మాత్రమే గిల్టు మోసమగును. అందుచేత ప్రశ్న లోహమును గూర్చినది కాదు, మాటను గూర్చినది. యోగసూత్రములకు వ్యాసభాష్యము సత్యమును నిర్వచించుచు, కన్నట్లు, ఊహించినట్లు, విన్నట్లు మనసును మాటయు ఉండుటయే సత్యమని చెప్పినది. ఇంతవరకే అయినచో పిన్ని నిర్దోషి. విన్నదే అమ్మవారికి విన్నవించినది. కాని ఆ భాష్యము అక్కడ ఆగలేదు. ఆ మాట వంచనయు కారాదు, భ్రాంతియు కారాదు అని కలిపినది. పిన్ని మాట వంచన కాదు, అది నిశ్చయము. అయితే భ్రాంతిలో పలికిన మాట అబద్ధము కాకపోయినను ఇంకను సత్యము కాలేదు; సరిదిద్దుకొనవలసిన ఋణముగా మిగిలియున్నది. ఈ సూక్ష్మము నాకు తట్టిన రాత్రి, ఆమెను ఊరడించుటకు నేను మునుపు చెప్పిన "తెలియక చేసినది తప్పు కాదు" అను మాట ఎంత చాలనిదో తెలిసి సిగ్గుపడితిని.

సింహాచలమును తలచినచో ఇది మరింత స్పష్టమగును. ఏడాది పొడవున చందనపు పూతలో నుండు వరాహలక్ష్మీనృసింహస్వామి, ఆ పూతను వీడి నిజరూపమును చూపునది వైశాఖ శుద్ధ తదియ నాడు, అక్షయతృతీయ నాడు. ఊరిలో నగల దుకాణములు కిటకిటలాడునది సరిగా ఆ దినముననే. ఇచ్చటి పూత ఎవరినీ మోసగింపదు. అది చందనమని పసిబిడ్డకును తెలియును, తొలగు దినము పంచాంగమునకు తెలియును. ఆ స్వామిని 1516లో దర్శించిన శ్రీకృష్ణదేవరాయలు సమర్పించిన నగలను శాసనము రాతి మీద పేరుపేరున ఎక్కించినది. కంఠమాలలోని ముత్యములు 991 అని లెక్క కూడ చెప్పినది. చక్రవర్తి భక్తిని ఎవరు శంకించిరి కనుక? అయినను లెక్క వ్రాసిరి. దేవునికి ఇచ్చినది ఏమిటో ఉన్నది ఉన్నట్లు చెప్పుట దానములోని భాగముగా ఎంచిరి.

నేటి ప్రభుత్వము హాల్‌మార్కు ముద్రను 2021 జూన్ నుండి తొలుత 256 జిల్లాలలో తప్పనిసరి చేసినది. ఆ ముద్రలో ఆరు అక్షరాంకముల గుర్తు లేని నగను 2023 ఏప్రిల్ 1 నుండి అంగడిలో అమ్మరాదు. ఇది మేలైన పని. కాని ఆ గుర్తు స్వచ్ఛతను చెప్పును, ముద్ర వేసిన కేంద్రమును చెప్పును. ఆ బంగారము ఏ గనిలో, ఎవరి చేతులమీదుగా పుట్టినదో చెప్పదు. పుట్టుకను గూర్చి మన పూర్వులకు ఉన్న జిజ్ఞాస మనకు లేదు. రత్నములు బలాసురుని దేహము నుండి పుట్టెనని కొందరు, దధీచి నుండి అని కొందరు, భూమి స్వభావముచేతనే రాళ్లకు ఆ వైచిత్రి కలిగెనని మరికొందరు చెప్పుదురని వరాహమిహిరుడు పక్షపాతము లేక మూడు మతములను వ్రాసినాడు. వైదూర్యము విదూరమను చోట పుట్టుటచే ఆ పేరు వచ్చెనని పాణిని సూత్రము. పతంజలి ఆక్షేపించి, పుట్టుట వాలవాయ పర్వతమున, విదూరమున జరుగునది సంస్కారమే గదా యని విచారించినాడు. పుట్టినచోటు ఒకటి, సానబట్టినచోటు మరియొకటి, పేరు ఏ చోటిది? రెండువేల యేండ్ల నాటి ఈ వ్యాకరణచర్చ నేటి ఏ నగల పెట్టె మీదనైనను వ్రాయదగినది.

మనకు ఇది దూరపు మాట కాదు. నర్సీపట్నము దరి కరక కొండలలో రంగురాళ్లు దొరకును; కేతుగ్రహశాంతికి ఉంగరమున పొదుగు వైదూర్యపు జాతి రాయి వానిలో ఒకటి. రక్షితారణ్యములో రాత్రివేళ దొంగతవ్వకములు సాగినవని, పట్టుబడినది కూలివారని పత్రికలలో ఎన్నిమార్లు చదువలేదు? శాంతికై ధరించిన రాయి అడవిని దోచి తెచ్చినదైనచో ఆ శాంతి ఎవరిది? దువ్వాడ ప్రత్యేక ఆర్థికమండలములో నగలు పొదుగు ఆడపిల్లల పేరు ఏ దేశపు తెర మీదనైనను ఎవరైనను పలికిరా? నాణ్యతను గూర్చిన సందేహము మన జేబును కాపాడును. పుట్టుకను గూర్చిన సందేహము ఇతరుల చేతులను తలచుకొనును గనుక అది ధర్మమునకు మరింత చేరువ అని నా నమ్మిక.

ఈ మాట బాబాయితో అన్నపుడు ఆయన చాలసేపు మాటాడలేదు. తరువాత మెల్లగా, "మా ప్లాంటులో ప్రతి పోతకీ ఒక హీట్ నంబరు ఉంటుందిరా. కమ్మీ ఎక్కడికెళ్లినా ఆ నంబరు పట్టుకుని, ఏ రోజు ఏ పోతలో పుట్టిందో, అందులో ఏముందో చెప్పొచ్చు. ఇంటి శ్లాబులో వేసే ఇనుముకి ఉన్నపాటి పుట్టుపూర్వోత్తరాలు, దేవుడి మెడలో వేసేదానికి అక్కర్లేదా?" అనెను. గీత శ్లోకమును ఆయన మరల ఎత్తలేదు.

మరుసటి మార్గశిరములో, చివరి గురువారము నాడు, పిన్నితో నేనును బురుజుపేటకు పోయితిని. చలిలో రెండు గంటలు వరుసలో నిలిచిన తరువాత మా వంతు వచ్చినది. ఆమె పాలు పోసి, పసుపు పూసి, కొంగుముడి విప్పి, మెరుపు మాసిపోయిన ఆ హారమునే తీసి అమ్మవారి మెడకు తాకించినది. వెనుకనున్నవారు తొందరపెట్టుచుండగా, వంగి, నాకు మాత్రమే వినబడునంత మెల్లగా, "ఇది ఇత్తడమ్మా. రాళ్లు గాజువి. అప్పుడు తెలీక బంగారమన్నాను" అని చెప్పి, పసుపుచేతులు జోడించినది.