సహజత్వం – జవాబుదారీతనం: కందగడ్డలోని జన్యువు లేవనెత్తే నైతిక ప్రశ్న

ఉపోద్ఘాతం

మహాశివరాత్రి వచ్చిందంటే రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం వంటి ఊళ్ల అంగళ్లలో కందగడ్డలు రాశులుగా కనిపిస్తాయి. కోస్తాలో చిలగడదుంపగా, రాయలసీమలో గెనుసుగడ్డగా వ్యవహరించే ఈ దుంపకు ఉపవాస దినాన తినదగిన శుచియైన ఆహారంగా తెలంగాణ ఇళ్లలో స్థానం ఉంది. అదే జిల్లా చేలల్లో వానాకాలం విస్తారంగా సాగయ్యే బీటీ పత్తిని మాత్రం ప్రకృతి విరుద్ధమని నిరసించేవారున్నారు. నేలలోని బ్యాక్టీరియా జన్యువును మొక్కలోకి చేర్చడమే ఆ నిరసనకు మూలం. అయితే బ్యాక్టీరియా జన్యువులు కందగడ్డలోనూ ఉన్నాయని 2015లో వెల్లడైంది. ఒకదానిని శుచిగా, మరొకదానిని అపచారంగా నిర్ణయించడానికి సహజత్వం ప్రమాణం కాగలదా అన్నది ఇక్కడి పరిశీలనాంశం.

నేల నుండి మొక్కకు

ఆగ్రోబ్యాక్టీరియం నేలలో నివసించే సూక్ష్మజీవి. మొక్క కాండానికో వేరుకో గాయమైనప్పుడు స్రవించే రసాయనాలను అది పసిగడుతుంది. తన ప్లాస్మిడ్‌లోని టి-డీఎన్ఏ అనే భాగాన్ని మొక్క కణంలోకి పంపుతుంది. ఆ భాగం మొక్క క్రోమోజోములలో కలిసిపోగా, కణాలు అదుపు తప్పి విభజన చెంది కంతిగా పెరుగుతాయి. బ్యాక్టీరియాకు ఆహారమయ్యే పదార్థాలను తయారు చేస్తాయి. ఈ కంతికి కారణం బ్యాక్టీరియా అని స్మిత్, టౌన్‌సెండ్ 1907లో గుర్తించారు. బ్యాక్టీరియా డీఎన్ఏ మొక్క కణాలలోకి చేరుతున్నదని మేరీ-డెల్ చిల్టన్ బృందం 1977లో నిరూపించింది.

సాధారణంగా ఈ జన్యువులు కంతికే పరిమితమవుతాయి. అటువంటి కణం నుండి సంపూర్ణమైన మొక్క పెరిగితే అవి సంతతికి సంక్రమిస్తాయి. కందగడ్డ విషయంలో జరిగినది ఇదే. బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయం, పెరూలోని అంతర్జాతీయ ఆలుగడ్డ పరిశోధన కేంద్రం తదితర సంస్థల పరిశోధకులు పరిశీలించిన 291 సాగు రకాలన్నింటిలోనూ టి-డీఎన్ఏ కనిపించింది. దగ్గరి అడవి జాతులలో అది కనిపించలేదు. అందువల్ల ఆ జన్యువులు కలిగించిన ఏదో ఒక గుణాన్ని తొలి రైతులు ఎంచుకొని ఉండవచ్చునని వారు ఊహించారు. పొగాకు ప్రజాతిలోనూ, తేయాకులోనూ ఇటువంటి ఆనవాళ్లు బయటపడ్డాయి.

బీటీ పత్తిలోని జన్యువు బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే మరొక నేల బ్యాక్టీరియాకు చెందినది. కాయతొలుచు పురుగును చంపే ప్రోటీను దాని నుండి తయారవుతుంది. దానిని పత్తి కణంలోకి చేర్చడానికి శాస్త్రజ్ఞులు వాడిన వాహకం ఆగ్రోబ్యాక్టీరియమే. ఈ పత్తి సాగుకు భారత ప్రభుత్వం 2002 మార్చిలో అనుమతినిచ్చింది.

సహజమనే మాట

‘సహజం’ అంటే వ్యుత్పత్తి ప్రకారం కూడ పుట్టినది. ఆ అర్థంలో కందగడ్డలోని టి-డీఎన్ఏ సహజం కాదు. అది నడుమ వచ్చి చేరినది. జాన్ స్టూవర్ట్ మిల్ ‘నేచర్’ వ్యాసం 1874లో అచ్చయింది. ప్రకృతి అనే మాటకు ఆయన రెండర్థాలు చూపాడు. లోకంలో జరిగేదంతా ప్రకృతి అనుకుంటే ప్రయోగశాల పని కూడా అందులో భాగమే. మనిషి ప్రమేయం లేనిదే ప్రకృతి అనుకుంటే దుక్కి దున్నడం కూడా ప్రకృతి విరుద్ధమే. ఏ అర్థం తీసుకున్నా అది మంచిచెడులను తేల్చదు.

భాషా చరిత్ర ఈ సంగతిని సులభంగా బోధపరుస్తుంది. ఇబ్రహీంపట్నం అనే పేరులోనే అన్యదేశ్యమూ తద్భవమూ కలిసి ఉన్నాయి. ఇబ్రహీం కుతుబ్‌షా తెలుగు కవుల నోట మల్కిభరాముడైనాడు. తొలి అచ్చతెలుగు కావ్యంగా పేరొందిన పొన్నికంటి తెలగన యయాతి చరిత్ర ఆ కాలంలోనే అమీన్‌ఖానుకు అంకితమైంది. అన్యభాషా పదాలను దూరం పెట్టిన కావ్యానికి కృతిభర్త అన్యభాషీయుడే. పుట్టుక వేరైనంత మాత్రాన పదం దోషం కానట్లే జన్యువూ దోషం కాదు. అయితే ఈ పోలికకు హద్దు ఉంది. నచ్చని పదాన్ని ప్రజలు వాడుక నుండి తప్పించగలరు; విత్తనంలో చేరిన జన్యువును రైతు విడదీసి పారవేయలేడు.

కర్త గల క్రియ

కందగడ్డలో ప్రకృతి చేసినది కనుక పత్తిలో మనిషి చేసినదానిని ప్రశ్నించనక్కరలేదని వాదించేవారూ ఉన్నారు. ఇది మొదటి పొరపాటుకు మరో ముఖం. వరదలో ఊరు మునగడం ప్రకృతి క్రియ. అంతమాత్రాన చెరువు కట్ట తెగగొట్టినవాడు నిర్దోషి కాడు. కందగడ్డలో జరిగిన జన్యు బదిలీకి జవాబు చెప్పవలసిన కర్త లేడు. ఆ తీగను తరతరాలుగా నాటి, తిని, నచ్చినదానిని నిలుపుకొన్నది సాగుదారులు. పొరుగువారి తీగముక్క తెచ్చి నాటుకోవడానికి ఎవరికీ రుసుము కట్టనక్కరలేదు.

పత్తి విషయంలో నిర్ణేతలున్నారు, యజమానులున్నారు. 450 గ్రాముల విత్తన ప్యాకెట్టు ధరలో 1,250 రూపాయలు జన్యుగుణానికే వసూలు చేయడాన్ని 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్ ఎదుట ప్రశ్నించింది. ఆ ఏడాదే ప్యాకెట్టు ధర 750 రూపాయలకు దిగింది. జన్యువుపై పేటెంటు చెల్లదని ఢిల్లీ హైకోర్టు 2018లో ఇచ్చిన తీర్పును సుప్రీంకోర్టు 2019 జనవరిలో పక్కనపెట్టి, విచారణకు తిప్పి పంపింది. ఈలోగా గులాబీరంగు పురుగు రెండు బీటీ జన్యువులనూ తట్టుకొనే శక్తి సంపాదించింది. లాభంలో వాటా ముందే నిర్ణయమైంది. పురుగు తిరగబడినప్పటి నష్టం మాత్రం రైతు మీదనే పడింది. నైతిక ప్రశ్న నిజంగా పుట్టేది ఈ అసమానతలోనే.

బీటీ వంకాయపై 2010లో హైదరాబాదుతో సహా ఏడు నగరాలలో బహిరంగ విచారణలు జరిగాయి. ఫిబ్రవరి 9న కేంద్రం దాని విడుదలను నిలిపివేసింది. ఆ నిర్ణయంతో ఏకీభవించనివారు సైతం ఒక సంగతిని అంగీకరించవలసి ఉంటుంది: తినేవారిని, పండించేవారిని ముందుగా అడగడం జరిగింది.

జవాబుదారీతనమే ప్రమాణమైతే పురుగుమందులను, మామూలు సంకర విత్తనాలను కూడా అదే విధంగా ప్రశ్నించవలసి వస్తుందన్న ఆక్షేపణ రావచ్చు. ప్రశ్నించవలసిందే. జన్యుమార్పిడిని మాత్రమే వేరుచేసి నిలదీయడం సహజత్వ భ్రమకు మిగిలిన అవశేషం.

ముగింపు

శివరాత్రినాటి కందగడ్డ బ్యాక్టీరియా జన్యువు వల్ల అశుచి కాదు. ఆ కందగడ్డను సాక్ష్యంగా తెచ్చినందువల్ల పత్తికి పవిత్రతా రాదు. జన్యువు ఎక్కడి నుండి వచ్చిందన్నది జీవశాస్త్రం చెప్పగలదు. దానిని ఎవరు తెచ్చారు, ఎవరిని అడిగి తెచ్చారు, పంట చెడిన ఏట ఎవరు బాధ్యత వహిస్తారు అన్నవి నీతిశాస్త్రం అడగవలసిన ప్రశ్నలు. ఇబ్రహీంపట్నం చెలకలో పత్తి విత్తే రైతుకు పనికివచ్చేవి ఈ ప్రశ్నలే.