నేరేడు చెట్టు – దుకాణపు గల్లా

షోలాపూరు అశోక్ చౌక్ ప్రాంతమున తెలుగు మాటకై ఎవరును వెదుకనక్కరలేదు. తెలంగాణము నుండి వలసవచ్చిన పద్మశాలి కుటుంబములు తరతరములుగా అక్కడ మగ్గము నమ్ముకొని యున్నవి. దుప్పట్లు నేయువారు వారు. కొని అమ్మువారిలో మన జైనులును కలరు.

అట్టి పేటలో పిల్లవానికి కార్యకారణ సంబంధము నేర్పుటకు పలక, సుద్దముక్క చాలును. పోగు తెగిన మగ్గము ఆగును. మగ్గము ఆగిన కూలి తగ్గును. కూలి తగ్గిన ఇంట పొయ్యి ఆలస్యమగును. ఒక్కొక్క దానికి ఒక గడి, నడుమ బాణపు గుర్తు. చిట్టా, ఆవర్జా జరిగినది చెప్పును గాని ఎందువలన జరిగినదో చెప్పవు గదా!

జపాను దేశమున కావోరు ఇషికావా అను ఆచార్యుడు 1943లో కవాసాకి ఉక్కు కర్మాగారపు ఇంజనీర్లకు ఇట్టి పటమునే గీచి చూపెను. దానికి చేపముల్లు అని పేరు పడినది. ఆ పేరు మన ఇండ్లలో రుచింపదు. చెట్టుకొమ్మ యనుకొన్నను నష్టము లేదు.

చెట్టుపటము మనకు కొత్తయా? షట్‌లేశ్యల చిత్రమును ఎరుగని జైనబాలుడు అరుదు. ఆకలిగొన్న ఆరుగురు నేరేడు చెట్టు కడకు వచ్చిరి. మొదలంట నరుకుదమని ఒకడు, పెద్దకొమ్మలని ఒకడు, రెమ్మలని ఒకడు, గుత్తులని ఒకడు, పండ్లు మాత్రమేయని ఒకడు. ఆరవవాడు రాలినవి చాలుననెను. ఆకలి అందరిదియు ఒక్కటే. కృష్ణలేశ్య మొదలు శుక్లలేశ్య వరకు భేదమంతయు మనస్సులోనిది. ఆ చిత్రమున గీటు చూచువాని వద్దనే మొదలగును.

ఇప్పుడొక దుప్పటి ఉతుకులో రంగు దిగినదనుకొందము. వర్తకుని కుమారుని కారణము గీయుమన్నచో గీటు నేతవాని ఇంటి వద్ద ఆపును. నేతవాడు చవుకరంగు నూలు ఎందులకు కొనెను? ధర గిట్టలేదు. ధర ఎవరు తెగ్గోసిరి? గీటు దుకాణపు గల్లా వద్దకు వచ్చును. అచ్చట తండ్రి కూర్చుండి యున్నాడు.

పంతులు సుద్దముక్క ఆపవలెనా? బిడ్డకు తండ్రిని తప్పుపట్ట నేర్పవచ్చునా యని పెద్దలు అడుగుదురు. అది కొట్టివేయదగిన ప్రశ్న కాదు. తండ్రినైనను, చవుక సరకు కోరిన గిరాకి ఒత్తినది. గీటు ఇంకను ముందుకు పోవును. కాని ఆ గడిని వదలి పోరాదు. నిమిత్తములు ఎన్నియైనను ఉపాదానము తనయందే కలదని మన శాస్త్రము.

అదే దుప్పటికి నేతవాని కుమారుడు గీచిన పలకను గూడ తెప్పింపవలెను. అతని గీటు బహుశః దుకాణము వద్దనే ఆగును. రెండు పలకలను ప్రక్క ప్రక్కన నిలిపి, మిగిలిన గడులను ఆ ఇద్దరు బాలురనే నింపుమనవలెను.