రెండో ఆట

కొన్ని సినిమాలు ఒక్కసారి చూడాల్సిందే గానీ రెండోసారి చూడలేం అంటారు. ఈ మాట చాలామంది నోట విన్నాం. అందరూ అనేది ఒకే మాటైనా అందరిదీ ఒకే అర్థం కాదు. ఒకాయన హాల్లోంచి బయటికొచ్చి 'గుండె పిండేశాడయ్యా, ఇక చాలు' అంటాడు. ఇంటికెళ్లి అన్నం తిని పడుకుంటాడు. ఆ సినిమాతో ఆయన పని అయిపోయింది. మేమూ చాలనే అంటాం. కానీ ఆ సినిమా మా వెంట ఇంటిదాకా వస్తుంది. మర్నాడు అంగట్లో కూర్చుంటే అంగట్లోకి వస్తుంది. అద్దె ఇల్లు అడగడానికి పోతే మాకన్నా ముందే ఆ గుమ్మంలో నిలబడి ఉంటుంది. మేం కర్నూలు, కడపల సాయిబులం. ఆయన 'చాలు'కీ మా 'చాలు'కీ తేడా ఏమిటో చెప్పాలని చాలాకాలంగా ఉంది.

'గరం హవా'తో మొదలుపెడతాం. ఎం.ఎస్. సత్యు తీసిన సినిమా. గొడవలు రేగుతాయన్న భయంతో దాన్ని సెన్సారు నెలల తరబడి ఆపి 1974లో వదిలారు. వదిలాక జాతీయ సమైక్యత అవార్డు కూడా ఇచ్చారు. ఇస్మత్ చుగ్తాయ్ కథకు కైఫీ ఆజ్మీ, షమా జైదీ రాసిన సినిమా. ఆగ్రాలో బూట్ల కార్ఖానా నడుపుకునే సలీం మీర్జాగా బల్‌రాజ్ సహానీ నటించాడు. దేశం రెండు ముక్కలయ్యాక అన్న పాకిస్తాన్ పోతాడు. ఇల్లు అన్న పేరు మీద ఉంది కాబట్టి ఇల్లు పోతుంది. బ్యాంకు అప్పివ్వదు. సాయిబులు ఎప్పుడు సర్దుకుని పోతారో తెలియదు గదా, ఎవరు నమ్ముతారు? అద్దెకు ఇల్లు దొరకదు. ముసలి తల్లి ఇల్లు వదలనని కట్టెలు పేర్చిన మూలలో దాక్కుంటుంది. ఆమెను ఎత్తుకుని బయటికి తెస్తారు. ఆఖరి ఘడియల్లో పల్లకిలో మళ్లీ ఆ పాత ఇంటికే తీసుకుపోతారు, అక్కడే ప్రాణం విడవనీ అని.

ఈ సినిమా మా ఊళ్లలో హాలుకొచ్చినప్పుడు చూసినవాళ్లు మాలో తక్కువ. ఎక్కువమందిమి టీవీలోనో, కువైట్ నుంచి వచ్చిన వీసీఆర్‌లోనో చూశాం. రాయచోటి, కడప ఇళ్లలోని ఆడవాళ్లు కువైట్‌లో పాచిపని చేసి పంపిన సామానులో టేప్‌రికార్డర్లు, వీసీఆర్లు ఉండేవి. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌లో దిగినప్పుడు ఆ ఆడవాళ్లు ఎట్లా బయటపడ్డారన్నది వేరే కథ. దానిమీద 2016లో 'ఎయిర్‌లిఫ్ట్' అని సినిమా వచ్చింది గానీ అది ఒక కోటీశ్వరుడైన వ్యాపారి కథ. మా ఖాలాలూ ఫుప్పూలూ అందులో ఎక్కడా లేరు.

ఆగ్రా ఉర్దూ మా దక్కనీ నోటికి దూరం. హిందీ సినిమాకి దక్కనీ అంటే నవ్వులాట. 1965లో వచ్చిన 'గుమ్నామ్'లో మెహమూద్ మాట్లాడిన తీరు చూడండి. ఇక మా దూదేకుల ఇళ్లలో తెలుగు తప్ప ఉర్దూ రానివాళ్లే ఎక్కువ. 'గరం హవా' మాటలు వాళ్లకు సగం కూడా అందలేదు. అయినా అర్థం చెప్పమని ఎవరూ అడగలేదు. పేరు చెప్పగానే టూలెట్ బోర్డు వెనక్కి తిరగడానికి తర్జుమా ఏం కావాలి?

మరి అంత మనసుకు పట్టిన సినిమాను మళ్లీ ఎందుకు చూడలేదు? 2014 నవంబర్లో దాన్ని శుభ్రం చేసి కొత్త ప్రింటుతో మళ్లీ విడుదల చేశారు. సీడీలు దొరికాయి. ఇప్పుడు ఫోన్లో కూడా దొరుకుతుంది. అయినా చేయి పోదు. ఎందుకంటే మొదటిసారి చూసేటప్పుడు మనకు కథ తెలియదు. తెలియనంతసేపూ ఆశ ఉంటుంది. సలీం మీర్జా కూతురు ఆమినాకు పెళ్లి కుదురుతుంది, చెదిరిపోతుంది. మళ్లీ కుదురుతుంది. ఈసారైనా అవుతుందేమో అని మనం అనుకుంటాం. రెండోసారి చూసేటప్పుడు ఆ పిల్ల నవ్వుతుంటే మనకు తెలుసు, ఆ చేతి నరం ఎప్పుడు తెగుతుందో. తెలిసి కూర్చోవాలి. కూర్చుని ఏమీ చేయలేకపోవాలి.

డాక్యుమెంటరీల్లో ఇది ఇంకా ఘోరం. ఆనంద్ పట్వర్ధన్ 'రామ్ కే నామ్' మసీదు కూలకముందు తీసింది, 1992లో పూర్తయింది. అందులో అయోధ్య రామజన్మభూమి పూజారి లాల్‌దాస్ మాట్లాడతాడు. రాజకీయం కోసం గుడిని వాడుకుంటున్నారని కుండబద్దలు కొట్టినట్టు చెబుతాడు. మొదట చూసినవాళ్లకు ఆయన బతికున్న మనిషి. 1993లో ఆయన్ని చంపేశారు. ఆ తర్వాత చూసే ప్రతివాళ్లూ చచ్చిపోబోయే మనిషి మాటలు వింటున్నట్టే. మసీదు గోడ వెనకాల కనపడుతూనే ఉంటుంది.

ఇప్పుడు రెండో వైపు చెప్పాలి. మేం పదేసిసార్లు చూసిన సినిమాలూ ఉన్నాయి. 'సమరసింహారెడ్డి' 1999లో, 'నరసింహనాయుడు' 2001లో, 'ఆది', 'ఇంద్ర' 2002లో. ఆ మర్నాటి సంక్రాంతికి 'ఒక్కడు'. మా కర్నూలు కొండారెడ్డి బురుజు తెరమీద కనపడగానే హాలంతా ఈలలు, కాగితాలు. మా పిల్లకాయలూ వేశారు. సుమోలు లేచాయి, వేటకొడవళ్లు లేచాయి, నాటుబాంబులు పేలాయి. కేసీ కాలువకు నీళ్లు రాక ఎండిన పైరు ఏ రీలులోనూ లేదు. బేతంచర్ల బండల క్వారీలో దుమ్ము పీల్చే కూలీ లేడు. సీమ అంటే నరుక్కోవడమే. అదంతా అబద్ధమని మాకు తెలుసు. తెలిసీ మళ్లీ టికెట్ కొన్నాం.

ఇటు 1992లో 'రోజా' వచ్చినప్పటినుంచి నమాజు చేసేవాడి చేతికి తుపాకి ఇవ్వడం తెలుగు, హిందీ, తమిళ తెరలకు అలవాటైంది. ఈ రెండూ కలిసి కడప సాయిబు నెత్తిన పడ్డాయి. హైదరాబాదులో గది కోసం పోతే ఏ ఊరయ్యా అంటారు. కడప. అమ్మో, బాంబులా! పేరేమిటి? చెబుతాం. మళ్లీ బాంబులే. ఒకే మనిషికి రెండు రకాల బాంబులు చుట్టిన ఘనత సినిమాదే. మొన్న 2024లో 'రజాకార్' అని ఒకటి వచ్చింది. నైజాం మా జిల్లాలను 1800లోనే కంపెనీకి ధారపోశాడు, అందుకే దత్తమండలాలన్నారు. కర్నూలు నవాబును 1839లో దించేశారు. 1948 నాటి రజాకార్ల నైజాం రాజ్యంలో మేం లేం. అయినా ఆ మాట తుంగభద్ర దాటి, పెన్న దాటి మాదాకా వచ్చేసింది.

మమ్మల్ని అబద్ధంగా చూపిన సినిమాను పదిసార్లు చూడగలిగాం. నిజంగా చూపినదాన్ని రెండోసారి చూడలేకపోయాం. ఇదేం న్యాయం అని మాలో మేం చాలా తర్జనభర్జన పడ్డాం. మాకు తోచింది ఇది. అబద్ధం మననేమీ అడగదు. తెరమీద ఉన్నవాడు మనం కాదని తెలుసు కాబట్టి హాయిగా ప్రేక్షకుడిలా కూర్చోవచ్చు. నిజం చూపే సినిమాలో ఆ కుర్చీ దొరకదు.

మధ్యరకం ఒకటుంది. మణిరత్నం 'బొంబాయి', 1995. అది కూడా కొట్లాటల సినిమానే. కానీ దాన్ని మేం రెండోసారీ మూడోసారీ చూశాం, పాటల కోసమే అనుకోండి. ఎట్లా చూడగలిగాం? ఆ సినిమా తక్కెడ పట్టుకుని తీసింది. ఇటొక శవం వేస్తే అటొక శవం. తర్వాత 1998లో వచ్చిన శ్రీకృష్ణ కమిషన్ నివేదిక లెక్క వేరు. చనిపోయిన 900 మందిలో 575 మంది ముస్లింలు, 275 మంది హిందువులు. ఆ 275 మంది ప్రాణాలు తక్కువవని కాదు. సమానంగా తూచి చూపితే ఎవరికీ నొప్పి ఉండదు, అందరూ చేతులు కలుపుకుని ఇళ్లకు పోవచ్చు. మళ్లీ మళ్లీ చూడగలిగేట్టు తీశారంటే నొప్పిని ఎక్కడో తీసేశారనే మా అనుమానం.

అట్లాగని మాకు అనుకూలమైనదే నిజమని అనడంలేదు. 1988లో దూరదర్శన్‌లో 'తమస్' వచ్చింది. గోవింద్ నిహలానీ తీశాడు. నవల భీష్మ సహానీది, ఈయన బల్‌రాజ్ సహానీ తమ్ముడే. దాన్ని ఆపాలని కోర్టుకెళ్తే బొంబాయి హైకోర్టు జడ్జీలిద్దరు కూర్చుని మొత్తం చూసి ఆపక్కర్లేదన్నారు. సుప్రీంకోర్టూ అదే అంది. అందులో సిక్కు ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని బావిలో దూకుతారు. బయటినుంచి వస్తున్న గుంపులో ఉన్నది మా పేర్లవాళ్లే. అక్కడ మేం బాధితుల వైపు లేం. ఆ బావిని కూడా మేం రెండోసారి చూడలేదు. అయితే ఒకసారి చూశాం గదా, ఆ లెక్క తేలిపోయిందని అనుకునే హక్కు మాకు ఉందా? లేదు. మీకు 'గరం హవా' విషయంలో లేనట్టే మాకు 'తమస్' విషయంలో లేదు.

దోస్తులు కొందరు అంటారు, గాయాల్ని మళ్లీ కెలకడం దేనికి, మరిచిపోతేనే మంచిది గదా అని. వీళ్లు చెడ్డవాళ్లు కాదు. డిసెంబర్ ఆరు వస్తే మాతో కలిసి బ్యానర్ పట్టుకునేవాళ్లే. వాళ్లకు ఒక మాట గుర్తుచేస్తాం. గుజరాత్ 2002 మీద తీసిన 'పర్జానియా' 2007లో విడుదలైతే గుజరాత్‌లో హాళ్లవాళ్లు వేయలేదు. అక్కడ రెండోసారి సంగతి అటుంచండి, ఒక్కసారే లేదు. చూసినవాడు మరిచిపోవడం వేరు, చూడనివాడు మరిచిపోవడం వేరు.

ఇంకో సంగతి. దుఃఖం మరీ ఎక్కువైతే మనిషి మళ్లీ దాని జోలికి పోడన్న మాట కూడా నిజం కాదు. మా సీమలో పీర్ల పండగ చూడండి. కర్బలా కథకన్నా దుఃఖం ఏముంది? నీళ్లు లేక నాలుక ఎండిన పసిబిడ్డ కథ అది. కరువు సీమలో ఆ దాహం గురించి ఎవరూ వివరించి చెప్పక్కర్లేదు. ఏటా అదే కథ, అదే ముగింపు. ఏటా వింటారు. ఒకసారి విన్నాం, ఇక చాలు అన్నవాళ్లను మేం చూడలేదు. గుండం తవ్వుతారు, పీర్లను లేపుతారు, ఊదు వేస్తారు, హసన్ హుసేన్ల మీద తెలుగులో పాటలు కట్టి పాడతారు. ఒక్క సాయిబు ఇల్లు కూడా లేని పల్లెల్లో రెడ్లు, బోయలు, మాదిగలు పీర్లను ఎత్తుకుంటారు. (ఇది దీన్ కాదని మాలోనే కొందరు కొట్లాడుతున్నారు. ఆ పంచాయితీ ఇక్కడ వద్దు.) కర్బలా ఏడుపు ఊరంతటిదీ. అందుకే ఏటేటా మోయగలుగుతున్నారు. దేవుని కడపలో ఉగాదినాడు మేం బీబీ నాంచారమ్మ మొగుడికి టెంకాయ కొడితే ఎవరికీ వింత కాదు. కానీ ఆగ్రా ఏడుపు, అహమ్మదాబాద్ ఏడుపు మా గల్లీ దాటవు. టీవీ ముందు మేమే ఉంటాం, తలుపు వేసి ఉంటుంది.

ఇప్పుడు తొందర దేనికంటే మా పిల్లల వల్ల. వాళ్లు 'గరం హవా' చూడలేదు. వాళ్లు చూసేవి ఫోన్లో వచ్చేవి. 2017 డిసెంబర్లో రాజస్థాన్‌లోని రాజసమంద్‌లో ఒక బెంగాలీ ముస్లిం కూలీని చంపుతూ, ఆ చంపడాన్ని హంతకుడే వీడియో తీయించుకుని ఊరూరికీ పంపాడు. సత్యు తెరమీద చూపేవాడు సాక్షి. ఇక్కడ కెమెరా చంపినవాడి పక్షాన నిలబడి ఉంది. ఇట్లాంటివి మా పిల్లలు ఒకసారి కాదు, ఎన్నిసార్లు చూశారో. చూసి పక్కవాడికి పంపుతారు. మళ్లీ చూడలేకపోవడమన్నది వాళ్లకు తెలియకుండా పోతోంది. వాళ్లను కూర్చోబెట్టి 'గరం హవా' చూపించాలంటే మేమూ పక్కన కూర్చోవాలి. అంటే రెండో ఆట మేం చూడక తప్పదు.

నిజం చెప్పాలంటే మేం వెనకాడేది ఆమినా చావుకు కాదు, ముసలమ్మ పల్లకికి కాదు. ఆఖరికి. అన్నీ పోగొట్టుకున్న సలీం మీర్జా పెళ్లాన్నీ కొడుకునూ టాంగాలో ఎక్కించుకుని పాకిస్తాన్ పోవడానికి స్టేషనుకు బయల్దేరతాడు. దారిలో పనికోసం, తిండికోసం ఎర్రజెండాల ఊరేగింపు ఎదురవుతుంది. కొడుకు దిగి అందులో కలుస్తాడు. తర్వాత టాంగా ఇంటికి తిప్పమని చెప్పి తండ్రీ దిగుతాడు. మొదటిసారి ఇది చూసి మేం చప్పట్లు కొట్టాం. ఆ సినిమా విడుదల చూడకుండానే 1973 ఏప్రిల్లో పోయిన బల్‌రాజ్ సహానీకి, ఆ తర్వాత వచ్చిన ఏ సంవత్సరం సంగతీ తెలియదు. మాకు తెలుసు. పిల్లలకూ తెలుసు. ఆ ఊరేగింపు ఇప్పుడు ఎక్కడిదాకా వచ్చింది అబ్బా, అందులో మనవాళ్లు కాక ఇంకెవరున్నారు అని అడుగుతారు. ఆ రోజు మీరూ ఆ గదిలో ఉండండి. చాపలు మేం పరుస్తాం, తలుపు తీసే ఉంచుతాం.